మెయిల్ సర్వర్ మార్చారా? జీమెయిల్ నుంచి ఒక టెస్ట్ మెయిల్ వచ్చింది కదా అని ఊరుకోకండి

మెయిల్ రాలేదంటే మనం ముందు అనుమానించేది చేతిలో ఉన్న ఫోన్‌నే. సింక్ ఆన్‌లో ఉందా, బ్యాటరీ సేవర్ యాప్‌ని ఆపేసిందా, నోటిఫికేషన్ పర్మిషన్ పోయిందా అని చూస్తాం. తర్వాత యాప్ తీసేసి మళ్ళీ వేస్తాం. అప్పటికీ రాకపోతే ఇంకో యాప్ పట్టుకుంటాం. ఫోన్లతో రోజూ కుస్తీ పట్టే మనలాంటి వాళ్ళకి ఇది అలవాటే. కానీ సొంత డొమైన్ మెయిల్‌ని ఈమధ్యే కొత్త సర్వర్‌కి మార్చి ఉంటే మాత్రం ఫోన్‌ని కాసేపు పక్కన పెట్టండి. చాలాసార్లు ఆ మెయిల్ ఫోన్ సంగతి అటుంచి, కొత్త సర్వర్ గడప కూడా తొక్కి ఉండదు. పాత సర్వర్‌లో, ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో కూర్చుని ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. "మైగ్రేషన్ అయిపోయింది" అని చెప్పడానికి మనవాళ్ళు వాడుతున్న పరీక్షే తప్పు. జీమెయిల్ నుంచి ఒక టెస్ట్ మెయిల్ కొడతారు, అది కొత్త ఇన్‌బాక్స్‌లో పడుతుంది, పని అయిపోయిందంటారు. ఆ పరీక్ష చూపించేది బయటి నుంచి వచ్చే దారి ఒక్కటే. నిజంగా తెగేది రెండో దారి, అంటే మన డొమైన్ నుంచి మన డొమైన్‌కే వెళ్ళే మెయిల్. పైగా అది తెగినప్పుడు చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. అందుకే, పాత సర్వర్ మన డొమైన్‌ని పూర్తిగా వదిలేసిందని చూసుకునే దాకా మైగ్రేషన్ పూర్తి కాలేదనే నేనంటాను.

ఇదంతా సిస్టమ్ అడ్మిన్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. కాలేజీ ఫెస్ట్ డొమైన్ చూసుకునేది ఎవరు? బాబాయి షాపు వెబ్‌సైట్‌కి ఫోన్ వస్తే వెళ్ళేది ఎవరు? ఫ్రెండ్స్ పెట్టిన స్టార్టప్‌లో "నీకు ఇవన్నీ తెలుసు కదరా" అని ఎవరి మీద పడేస్తారు? ఇది చదువుతున్న మీలో చాలామంది మీదే.

ఊళ్ళో ఉత్తరం ఊళ్ళోనే ఆగిపోయినట్టు

ఒక ఊళ్ళో రామారావు గారనే ఆయన ఉన్నారనుకుందాం. ఆయన ఇల్లు మారి హైదరాబాద్ వెళ్ళిపోయారు. బయటి ఊళ్ళలో ఉన్న చుట్టాలందరికీ కొత్త అడ్రస్ చెప్పారు. వాళ్ళు రాసే ఉత్తరాలన్నీ నేరుగా హైదరాబాద్ వస్తున్నాయి. కానీ ఊళ్ళో పోస్ట్‌మ్యాన్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో డబ్బాలో ఎవరైనా రామారావు గారి పేరున ఉత్తరం వేస్తే అతను అడ్రస్ పుస్తకం తెరవడు. "ఆయన మన ఊరాయనే కదా" అని పాత ఇంటి తలుపు సందులోంచి లోపలికి వేసేస్తాడు. ఉత్తరం తిరిగి రాదు కాబట్టి పంపినవాళ్ళు అందిందనుకుంటారు. రామారావు గారికేమో అలాంటి ఉత్తరం ఒకటుందనే తెలీదు.

మెయిల్ సర్వర్ చేసేది సరిగ్గా ఇదే. ఒక మెయిల్ చేతికి రాగానే అది ముందుగా వేసుకునే ప్రశ్న "ఈ డొమైన్ నాదేనా?" అని. జవాబు "అవును" అయితే కథ అక్కడితో అయిపోయింది. మెయిల్‌ని తన డిస్క్ మీదున్న మెయిల్‌బాక్స్‌లోనే వేసేస్తుంది. "కాదు" అయితేనే డీఎన్ఎస్‌లో ఎమ్ఎక్స్ రికార్డ్ చూసి, ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్ తీసుకుంటుందో కనుక్కుని అక్కడికి పంపుతుంది. డొమైన్ పేరుని బట్టి మెయిల్ దారి వెతికే ఈ ఎమ్ఎక్స్ పద్ధతిని 1986 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 974 వివరించింది. ఇప్పటికీ మెయిల్ ప్రపంచం నడిచేది ఆ పద్ధతి మీదే.

ఇప్పుడు తిరకాసు అర్థమై ఉంటుంది. సర్వర్ మార్చినప్పుడు మనం మార్చేది ఎమ్ఎక్స్ రికార్డ్. జీమెయిల్, యాహూ లాంటి బయటివాళ్ళు దాన్ని చూసి కొత్త చోటికి వస్తారు. పాత సర్వర్ మాత్రం దాన్ని చూడదు. ఎందుకంటే దాని లెక్కలో ఆ డొమైన్ ఇంకా తనదే. డీఎన్ఎస్ ఎంత పక్కాగా ఉన్నా, పాత సర్వర్ గుండా వెళ్ళే ప్రతి "లోపలి" మెయిల్ పాత ఇన్‌బాక్స్‌లోకే పోతుంది. ఎన్ని రోజులు ఆగినా అది దానంతట అది సర్దుకోదు. "డీఎన్ఎస్ ప్రాపగేషన్‌కి టైమ్ పడుతుంది, 48 గంటలు ఆగండి" అని సపోర్ట్ వాళ్ళు చెప్పే మాట ఈ సమస్యకి మందు కానే కాదు.

మూడు వారాల తర్వాత తెలిసింది

రాజమండ్రిలో నాకు తెలిసిన అన్న ఒకాయన మొబైల్, ట్యాబ్ యాక్సెసరీల షాపు నడుపుతాడు. ఆయన వెబ్‌సైట్ ఒక మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో ఉండేది, మెయిల్ కూడా అందులోనే. స్పేస్ చాలట్లేదని మెయిల్‌ని మాత్రం వేరే సర్వీస్‌కి మార్పించుకున్నాడు. వెబ్‌సైట్ పాత చోటే ఉంది. మార్చినతను జీమెయిల్ నుంచి టెస్ట్ చేసి చూపించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక కస్టమర్ షాపుకి ఫోన్ చేశాడు. "మీ సైట్‌లో వారంటీ ఫారం రెండుసార్లు నింపానండీ, ఎవరూ పలకలేదేంటి?" అని. అన్న వెంటనే తన ఫోన్‌ని అనుమానించాడు. యాప్ మార్చాడు, బ్యాటరీ సెట్టింగ్ మార్చాడు. ఆఖరికి నాకు ఫోన్ చేసి "తమ్ముడూ, ఈ ఫోన్‌లో మెయిల్ సరిగ్గా రావట్లేదు, ఏ ఫోన్ తీసుకోమంటావ్?" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే: "అన్నా, బయటివాళ్ళ మెయిల్స్ వస్తున్నాయా?" "వస్తున్నాయి." "వెబ్‌సైట్ నుంచి ఆఖరిసారి ఎప్పుడొచ్చింది?" కాసేపు అటువైపు నుంచి మాట లేదు. ఆ తర్వాత చెప్పిన తేదీ సర్వర్ మార్చిన రోజుకి ముందు రోజు.

పాత హోస్టింగ్ వెబ్‌మెయిల్ ఇంకా ఓపెన్ అవుతోంది. పాత పాస్‌వర్డే. లోపల ముప్పై పైచిలుకు మెయిల్స్, అన్నీ చదవనివే. వారంటీ క్లెయిమ్‌లు, ధర అడిగినవాళ్ళు, ఒక స్కూల్ వాళ్ళు ట్యాబ్‌లకి కొటేషన్ అడిగిన మెయిల్. స్కూల్ వాళ్ళకి ఫోన్ చేస్తే, "జవాబు రాకపోతే వేరే షాపులో తీసేసుకున్నామండీ" అన్నారు. ఆ బేరం పోయినందుకు అన్న బాధపడ్డాడు గానీ ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. వారంటీ ఫారం నింపిన కస్టమర్లు ఈ మూడు వారాలూ ఈయన కావాలనే పలకట్లేదని అనుకుని ఉంటారు కదా! చిన్న ఊళ్ళో షాపుకి పేరే పెట్టుబడి. వాళ్ళందరికీ ఆయన ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు.

సరిచేయడానికి పట్టింది రెండు నిమిషాలు. సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్ అనే పేజీ ఉంటుంది. అందులో "లోకల్ మెయిల్ ఎక్స్ఛేంజర్" అని ఉన్నదాన్ని "రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్"కి మార్చాలి, అంతే. వెనకాల జరిగేది కూడా సింపుల్. సీప్యానెల్ వాడే ఎగ్జిమ్ సర్వర్‌కి లోకల్ డొమైన్ల లిస్ట్ ఒకటి, రిమోట్ డొమైన్ల లిస్ట్ ఒకటి ఉంటాయి. మన డొమైన్ మొదటి లిస్ట్‌లోంచి రెండో లిస్ట్‌లోకి మారుతుంది.

ఎక్కడెక్కడ వెతకాలి?

వెబ్‌సైట్ ఫారం ఒక్కటే కాదు. పాత సర్వర్‌ని ఇంకా పట్టుకుని వేలాడేవి చాలా ఉంటాయి. నేను వెతికే వరస ఇది.

మొదటిది, ఫోన్‌లోని అవుట్‌గోయింగ్ సర్వర్. మెయిల్ అకౌంట్‌ని చేత్తో సెటప్ చేస్తే ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ సర్వర్లు వేర్వేరుగా ఉంటాయి. చాలామంది ఇన్‌కమింగ్ మార్చి, మెయిల్స్ వచ్చేస్తున్నాయి కదా అని రెండోది వదిలేస్తారు. ఆ ఫోన్ నుంచి వెళ్ళే మెయిల్ ఇంకా పాత సర్వర్ గుండానే పోతుంది. బయటివాళ్ళకి పంపితే చేరుతుంది. ఆఫీసులో పక్క సీటాయనకి పంపితే పాత ఇన్‌బాక్స్‌లో పడుతుంది. ఢిల్లీకి వెళ్ళే మెయిల్ వెళ్తూ పక్క టేబుల్‌కి వెళ్ళకపోతే అందరూ పక్క టేబుల్ వాడి ఫోన్‌నే అంటారు, పాపం.

రెండోది, ఆఫీసులో నోరులేని గ్యాడ్జెట్లు. స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటర్, అలర్ట్ పంపే సీసీటీవీ రికార్డర్, నాస్ బాక్స్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్. వీటిలో మెయిల్ సర్వర్ పేరో ఐపీ అడ్రస్సో ఎప్పుడో ఎవరో టైప్ చేసి వదిలేసి ఉంటారు. ఎమ్ఎక్స్ మారిందని వీటికి తెలీదు. నాస్ బాక్స్‌లో హార్డ్ డిస్క్ పోతోందనే అలర్ట్ పాత ఇన్‌బాక్స్‌లోకి పోతే, సంగతి మనకి తెలిసేది డిస్క్ పూర్తిగా పోయాకే.

మూడోది, ఆఫీసు లోపలి డీఎన్ఎస్. కొన్ని ఆఫీసుల్లో, కాలేజీల్లో లోపలివాళ్ళ కోసం సొంత డీఎన్ఎస్ సర్వర్ ఉంటుంది. బయట ఎమ్ఎక్స్ మార్చి లోపలిది మరిచిపోతే లోపలి మెషీన్లకి ఇంకా పాత అడ్రస్సే కనిపిస్తుంది. మీ మొబైల్ డేటా మీద ఒకసారి, ఆఫీసు వైఫై మీద ఒకసారి డిగ్ కమాండ్‌తో ఎమ్ఎక్స్ అడిగి చూడండి. రెండు జవాబులూ ఒకటి కాకపోతే దొంగ దొరికినట్టే.

నాలుగోది, అవుట్‌లుక్ గుర్తుపెట్టుకునే పాత అడ్రస్సులు. ఇది మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ నుంచి మారినవాళ్ళకి వచ్చే తలనొప్పి. ఎక్స్ఛేంజ్‌లో లోపలివాళ్ళకి మామూలు మెయిల్ అడ్రస్‌తో పాటు కనిపించని లోపలి అడ్రస్ ఒకటుంటుంది. అవుట్‌లుక్ ఆటోకంప్లీట్ గుర్తుపెట్టుకునేది దాన్నే. కొత్త సర్వర్‌లో ఆ లోపలి అడ్రస్ వేరే అయిపోతుంది. అందుకే పేరు మొదటి రెండు అక్షరాలు కొట్టి లిస్ట్‌లోంచి ఎంచుకుంటే మెయిల్ తిరిగొచ్చేస్తుంది. అదే అడ్రస్ పూర్తిగా టైప్ చేస్తే చక్కగా వెళ్తుంది. తిరిగొచ్చిన మెసేజ్‌లో ఐఎంసీఈఏఈఎక్స్ అనే అక్షరాలతో మొదలయ్యే పొడవాటి అడ్రస్ కనిపిస్తే విషయం ఇదే. పాత లోపలి అడ్రస్‌ని కొత్త మెయిల్‌బాక్స్‌కి ఎక్స్500 అడ్రస్‌గా జోడిస్తే తీరిపోతుంది. కనీసం ఇది తిరిగొచ్చి తన గోడు తనే చెప్పుకుంటుంది, అది నయం.

ఐదోది, సొంతంగా సర్వర్ నడిపేవాళ్ళ కోసం. క్లౌడ్‌లో చిన్న వర్చువల్ మెషీన్ తీసుకుని పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ వేసుకునేవాళ్ళు మనలో ఉన్నారు. పోస్ట్‌ఫిక్స్‌లో "ఈ డొమైన్ నాదే" అని చెప్పే చోటు ఒక్కటి కాదు. మైడెస్టినేషన్ అనే సెట్టింగ్ ఒకటి, వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్ అనేది ఇంకోటి. మొదటిది లినక్స్ యూజర్ అకౌంట్ల కోసం, రెండోది డేటాబేస్‌లోనో ఫైల్‌లోనో రాసుకున్న మెయిల్ అకౌంట్ల కోసం. ఒకే డొమైన్‌ని రెండింట్లోనూ పెట్టకూడదు. పెడితే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో వార్నింగ్ ఇస్తుంది, కానీ ఆ లాగ్ చూసేదెవరు? డేటాబేస్‌లో అకౌంట్ ఉన్నా సర్వర్ లినక్స్ యూజర్ కోసం వెతికి "యూజర్ అన్‌నోన్" అంటుంది. అసలు ఎక్కడా పెట్టకపోతే బయటి నుంచి వచ్చే మెయిల్‌కి "రిలే యాక్సెస్ డినైడ్" అంటుంది, లేదా ఎమ్ఎక్స్ చూసి తన దగ్గరికే తిరిగొచ్చి "మెయిల్ లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్" అని ఫిర్యాదు చేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. లాగ్‌లో "డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్" అని కనిపిస్తుంది, ఫోన్‌లో ఇన్‌బాక్స్ ఖాళీ. పోస్ట్‌ఫిక్స్ ప్రత్యేకంగా చెప్పకపోతే ఒక్కో యూజర్ మెయిల్‌నంతా ఒకే ఫైల్‌లో చేరుస్తూ పోతుంది. డవ్‌కాట్‌కి మనం మెయిల్‌డిర్ ఫోల్డర్‌లో చూడమని చెప్పి ఉంటాం. వేసేవాడు ఒక గదిలో వేస్తున్నాడు, వెతికేవాడు ఇంకో గదిలో వెతుకుతున్నాడు. ఇద్దరికీ ఒకే చోటు చూపించాలి. పోస్ట్‌ఫిక్స్ నేరుగా డిస్క్ మీద వేయకుండా ఎల్ఎమ్‌టీపీ ద్వారా డవ్‌కాట్ చేతికే ఇచ్చేలా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. నా ఓటు దానికే.

బౌన్స్ వచ్చిందంటే అదృష్టం

మెయిల్ తిరిగొస్తే మనకి చిరాకు. ఎర్రర్ మెసేజ్ పొడవుగా, భయపెట్టేలా ఉంటుంది. కానీ పైన చెప్పిన వాటిలో బౌన్స్ వచ్చినవన్నీ ఆ రోజే తేలిపోయేవి. మూడు వారాలు తీసుకున్నది బౌన్స్ రానిదే.

మెయిల్ రూల్స్‌లో దీని గురించి స్పష్టంగానే ఉంది. 2008లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5321 ప్రకారం ఒక సర్వర్ మెయిల్ తీసుకుని "ఓకే" అందంటే, ఆ మెయిల్ బాధ్యత దానిదే. చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవాళ్ళకి చెప్పాలి. మన పాత సర్వర్ ఆ రూల్‌ని తప్పలేదు. తన లెక్క ప్రకారం చేర్చేసింది. పెట్టె దగ్గరికి మనిషి రావడం మానేశాడని దానికెలా తెలుస్తుంది?

అందుకే పాత సర్వర్‌లో "క్యాచ్ ఆల్" పెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఏ పేరుతో వచ్చినా తీసేసుకునే మెయిల్‌బాక్స్ అది. "ఏదీ మిస్ అవ్వకూడదని" పెడతారు. నిజానికి అది అన్నింటినీ చప్పుడు చేయకుండా మింగేసే బావి. రోజూ దాన్ని చూసే మనిషి లేనప్పుడు క్యాచ్ ఆల్ కంటే బౌన్సే వెయ్యి రెట్లు నయం. పంపినవాళ్ళకి విషయం తెలుస్తుంది, ఫోన్ చేస్తారు.

సరిచేశాక ఎదురయ్యే రెండో గుంట

రూటింగ్ రిమోట్‌కి మార్చారు. ఇప్పుడు వెబ్‌సైట్ మెయిల్ కొత్త సర్వర్‌కి వెళ్తుంది. కానీ ఇన్‌బాక్స్‌లో కనిపించదు, స్పామ్‌లో ఉంటుంది. ఎందుకంటే ఇంతకుముందు ఆ మెయిల్ ఒకే మెషీన్ లోపల తిరిగేది, ఎవరూ గుర్తింపు అడగలేదు. ఇప్పుడు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఇంటర్నెట్ మీద వస్తోంది. "ఫ్రమ్" దగ్గర మన డొమైన్ పేరుంది, పంపుతున్నదేమో మన ఎస్‌పీఎఫ్ రికార్డ్‌లో లేని ఐపీ. కొత్త సర్వర్‌కి ఇది మన పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌లాగే కనిపిస్తుంది. డీమార్క్ పాలసీ "రిజెక్ట్" అని పెట్టుకుని ఉంటే స్పామ్ దాకా కూడా రాకపోవచ్చు.

దీనికి దారులు రెండు. వెబ్ సర్వర్ ఐపీని ఎస్‌పీఎఫ్‌లో చేర్చడం ఒకటి. చేర్చేటప్పుడు పాత రికార్డ్‌నే సవరించాలి. ఒక డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉంటే రూల్ ప్రకారం అది ఎర్రర్, రెండూ చెల్లవు. రెండో దారి, వెబ్‌సైట్ మెయిల్‌ని పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్‌తో కాకుండా, కొత్త సర్వర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి 587 పోర్ట్ మీద పంపేలా పెట్టడం. షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది రెండోదే. షేర్డ్ హోస్టింగ్ ఐపీని ఎస్‌పీఎఫ్‌లో చేర్చడమంటే, అదే ఐపీ మీదున్న ముక్కూమొహం తెలీని వాళ్ళందరినీ మన పేరు వాడుకోమన్నట్టే.

"పాత సర్వర్‌ని కొన్నాళ్ళు ఉంచాలి కదా?"

నా మాటకి అడ్డుచెప్పేవాళ్ళ దగ్గర ఒక మంచి వాదన ఉంది. ఎమ్ఎక్స్ మార్చిన వెంటనే ప్రపంచమంతా కొత్త అడ్రస్ చూడదు. పాత రికార్డ్ టీటీఎల్ ఒక రోజుంటే, ఆ రోజంతా కొందరు పాత చోటికే పంపుతారు. అప్పుడు పాత సర్వర్ లేకపోతే ఎలా?

నిజమే. ఉంచండి. కానీ ఉంచడం వేరు, యజమానిగా ఉంచడం వేరు. పాత సర్వర్ తనకి వచ్చిన మెయిల్‌ని సొంత డిస్క్ మీద వేసుకోకుండా కొత్త సర్వర్‌కి అందించేలా పెట్టొచ్చు. పోస్ట్‌ఫిక్స్‌లో అయితే డొమైన్‌ని మైడెస్టినేషన్‌లోంచి తీసి రిలే డొమైన్స్‌లో పెట్టడం. అలాగే మార్చడానికి ఒకటి రెండు రోజుల ముందే టీటీఎల్‌ని 300 సెకన్లకి తగ్గించుకుంటే ఆ సందిగ్ధ సమయం నిమిషాలకి వచ్చేస్తుంది. అయినా మెయిల్ అంత సుకుమారం కాదు. సర్వర్ కాసేపు దొరక్కపోతే పంపేవాళ్ళు క్యూలో పెట్టి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తారు. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు వదలదు. కాసేపు ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. తప్పు చోట "చేరిపోయిన" మెయిల్ మాత్రం ఎవరూ వెళ్ళి తెచ్చుకుంటే తప్ప రాదు.

తెచ్చుకునేటప్పుడు కూడా ఒక మాట. పాత ఇన్‌బాక్స్‌లో దొరికినవాటిని ఫార్వర్డ్ చేయకండి. పంపినవాళ్ళ పేరు, తేదీ మారిపోతాయి, రిప్లై కొడితే మనకే వస్తుంది. ఐమ్యాప్‌సింక్ లాంటి టూల్‌తోనో, రెండు అకౌంట్లనీ కంప్యూటర్‌లో థండర్‌బర్డ్‌లో పెట్టి లాగి వదలడంతోనో కాపీ చేస్తే మెయిల్ ఉన్నదున్నట్టు వస్తుంది.

నేను "ఓకే" అనే ముందు పంపే ఏడు మెయిల్స్

1. జీమెయిల్ నుంచి మన డొమైన్‌కి. ఇది అందరూ చేసేదే.
2. మన డొమైన్ నుంచి జీమెయిల్‌కి. అక్కడ "షో ఒరిజినల్" తెరిచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాస్ అయ్యాయో లేదో చూడాలి.
3. మన డొమైన్‌లో ఒకరి నుంచి ఇంకొకరికి. ప్రతి మనిషి ఫోన్ నుంచీ ఒకటి, ఒక్క ఫోన్‌తో సరిపెట్టకూడదు.
4. వెబ్‌సైట్ ఫారం నుంచి. ఆర్డర్ మెయిల్, పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ ఉంటే అవి కూడా.
5. ప్రింటర్, రికార్డర్, నాస్ లాంటి ప్రతి గ్యాడ్జెట్ నుంచి. వాటి సెట్టింగ్స్‌లో "టెస్ట్ మెయిల్" బటన్ ఉంటే దాన్ని నొక్కితే చాలు.
6. సేల్స్, ఇన్ఫో లాంటి గ్రూప్ అడ్రస్సులకి. మనుషుల అకౌంట్లు మార్చి వీటిని మరిచిపోవడం మామూలే.
7. అసలు లేని అడ్రస్‌కి ఒకటి. ఇది తిరిగి రావాలి. బయటి నుంచి పంపినా, వెబ్‌సైట్ ఉన్న పాత సర్వర్ నుంచి పంపినా తిరిగి రావాలి. రాలేదంటే ఎక్కడో ఏదో మింగేస్తోందని అర్థం.

మెయిల్ చేరితే సరిపోదు, ఏ దారిన చేరిందో కూడా చూడండి. మెయిల్ హెడర్లలో "రిసీవ్డ్" అనే లైన్లు ఉంటాయి. వాటిని కింద నుంచి పైకి చదవాలి. దాటిన ప్రతి సర్వరూ తన ముద్ర పైన వేసుకుంటూ వస్తుంది. అందులో పాత సర్వర్ పేరు కనిపిస్తే, దాని గుండా ఇంకా ఎవరో పంపుతున్నారన్నమాట. ఎగ్జిమ్ సర్వర్ మీద కమాండ్ లైన్ దొరికితే అసలు మెయిల్ పంపకుండానే, బీటీ ఆప్షన్‌తో ఒక అడ్రస్ ఇచ్చి "దీన్ని ఎక్కడికి పంపుతావ్?" అని అడగొచ్చు. లోకల్ అంటుందో రిమోట్ అంటుందో ఒక్క సెకనులో తేలిపోతుంది.

బాధ్యత ఎవరిది?

"ఈ రోజుల్లో సొంత డొమైన్ మెయిల్ ఎవడు వాడుతున్నాడు బ్రో, వాట్సాప్ ఉంది కదా" అనేవాళ్ళుంటారు. జీఎస్టీ నోటీసు, బ్యాంక్ లెటర్, కాలేజీ ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో వస్తాయని కూర్చుంటే ఇబ్బందిపడేది మనమే. ఇంకా ముఖ్యం, మన డొమైన్ రిజిస్ట్రేషన్ అకౌంట్‌కి పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ ఎక్కడికొస్తుంది? అది కూడా అదే డొమైన్ మీదున్న మెయిల్‌కే పెట్టి ఉంటే, ఆ మెయిల్ పాడైన రోజున దాన్ని బాగుచేసే తాళం కూడా లోపలే ఉండిపోతుంది. ఆ ఒక్క అడ్రస్ మాత్రం వేరే చోట ఉన్న అకౌంట్‌కి పెట్టుకోండి.

షాపు అన్నలాంటి వాళ్ళని నేను తప్పుపట్టను. "లోకల్", "రిమోట్" అనే రెండు రేడియో బటన్ల మీద తన వ్యాపారం నిలబడి ఉందని ఆయనకి ఎవరు చెప్పారు? హోస్టింగ్ కంపెనీలు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఒక డొమైన్ ఎమ్ఎక్స్ బయటి ప్రపంచంలో వేరే సర్వర్‌ని చూపిస్తూ, తమ ప్యానెల్‌లో మాత్రం "లోకల్" అని ఉంటే, లాగిన్ అవ్వగానే ఎర్రగా ఒక లైన్ చూపించాలి: మీ వెబ్‌సైట్ మెయిల్స్ పాత పెట్టెలో పడుతున్నాయి, మార్చమంటారా? స్టోరేజ్ 80 శాతం నిండిందని, ప్లాన్ అప్‌గ్రేడ్ చేసుకోమని గుర్తుచేయడానికి స్క్రీన్ మీద చోటుంటే, దీనికీ ఉంటుంది.

వాళ్ళు పెట్టే దాకా ఆ పని మనదే. డబ్బులు తీసుకుని మెయిల్ మార్చేవాళ్ళు ఆ ఏడు టెస్టులూ కస్టమర్ ముందు కూర్చుని చేసి చూపించాలి. చేయించుకునేవాళ్ళు అవి చూసే దాకా డబ్బులివ్వకూడదు. ఇక మీ ఇంట్లోనో, కాలేజీలోనో, తెలిసినవాళ్ళ షాపులోనో గత ఏడాదిలో మెయిల్ మార్చి ఉంటే, ఈ రోజే వెబ్‌సైట్ ఫారం ఒకసారి నింపి చూడండి. పాత వెబ్‌మెయిల్ ఇంకా తెరుచుకుంటుంటే లోపలికి కూడా ఒకసారి తొంగిచూడండి. మీ కోసం అక్కడ ఎవరో ఎదురుచూస్తూ ఉండొచ్చు.